సైనికుని చదువు, ప్రభుత్వ హామీ: ఉన్నతవిద్యా రాయితీలపై పరిమితుల చరిత్ర

వ్యాససంగ్రహం

యుద్ధంలో మరణించిన, గల్లంతైన, వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చును పూర్తిగా భరిస్తామని భారత ప్రభుత్వం 1971 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించింది. ఆ హామీపై 2017లో నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి విధించారు. తొమ్మిది నెలలు తిరగకముందే, 2018 మార్చిలో, దాన్ని తొలగించారు. ఈ ఉదంతాన్ని కేంద్రంగా తీసుకొని, సైనికులకూ వారి కుటుంబాలకూ ఉన్నతవిద్య విషయంలో లభించే ప్రభుత్వసహాయం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నదో తెలుగు ప్రాంతపు దృష్టితో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రూపాయల్లో చెప్పిన పరిమితి బహిరంగ చర్చకు వచ్చి తొలగిపోయింది. అర్హతల నిర్వచనాల్లో ఉన్న పరిమితులు మాత్రం చర్చకు రాకుండానే కొనసాగుతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: సైనిక సంక్షేమం, విద్యారాయితీ, ఏడవ వేతనసంఘం, మాజీ సైనికులు, సార్వత్రిక విద్య, అగ్నివీరులు, నెల్లూరు.

1. ప్రవేశిక

చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిపై నెల్లూరుకు దక్షిణంగా ఉన్న మండలకేంద్రం వెంకటాచలం. ఆ మండలంలోని కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. 2008లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం నెల్లూరు జిల్లా విద్యార్థులకు దగ్గరలోనే డిగ్రీ, స్నాతకోత్తర విద్యను అందుబాటులోకి తెచ్చింది. ఈ మండలానికి చెందిన ముగ్గురు విద్యార్థులను ఊహించవచ్చు. ఒకరి తండ్రి సరిహద్దులో మరణించిన సైనికుడు. మరొకరి తండ్రి పదిహేడేళ్ల సర్వీసు ముగించుకొని వచ్చిన మాజీ హవల్దారు. మూడవవాడు నాలుగేళ్ల సైనికసేవ పూర్తిచేసి వచ్చిన యువకుడు. ముగ్గురూ డిగ్రీ చదవాలనుకుంటున్నారు. ముగ్గురి విషయంలోనూ 'సైనికుల చదువుకు ప్రభుత్వం సహాయం చేస్తుంది' అన్న వాక్యం నిజమే. అయితే ఆ వాక్యానికి ముగ్గురి విషయంలో ఒకే అర్థం లేదు. మొదటి విద్యార్థికి ఫీజు మొత్తం వెనక్కి వస్తుంది. రెండవ విద్యార్థి పోటీపడి ఉపకారవేతనం సంపాదించుకోవాలి. మూడవవానికి ప్రభుత్వం ఇచ్చేది ప్రధానంగా క్రెడిట్ల గుర్తింపు.

ఈ తేడాలు ఒక్కరోజులో ఏర్పడినవి కావు. వీటి వెనుక వలసపాలన నాటి నియామక విధానం, ఒక యుద్ధకాలపు హామీ, వేతనసంఘాల లెక్కలు, సార్వత్రిక విద్య విస్తరణ వంటి వేర్వేరు కారణాలున్నాయి. సైనికచరిత్ర రచనలో యుద్ధాలకూ సేనానులకూ దక్కిన చోటు సైనికుని చదువుకు దక్కలేదు. ఆ వెలితిని కొంతైనా పూరించడానికి ఈ పరిశీలన ఉపకరిస్తుంది.

2. నియామకాన్ని అనుసరించిన విద్య: వలసపాలన నేపథ్యం

ఈస్టిండియా కంపెనీ సైన్యంలో తెలుగువారి పాత్ర తొలినాళ్ల నుంచే ఉంది. కంపెనీ సిపాయిని ఉత్తరభారతంలోనూ బెంగాల్‌లోనూ చాలాకాలం 'తిలంగా' అని పిలిచారు. తెలుగుదేశం నుంచి వెళ్లిన సిపాయిల వల్ల ఒక ప్రాంతనామం వృత్తినామంగా మారిన సందర్భమిది. 1758లో గోదావరి ప్రాంతంలోని చందుర్తి వద్ద ఫ్రెంచివారిపై సాగిన యుద్ధం నాటికే తెలుగునేల సైనిక నియామకాలకు ముఖ్యక్షేత్రం.

పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఈ స్థితి మారింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికీ, 1885 నుంచి 1893 వరకు మొత్తం భారత సైన్యానికీ సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ 'యుద్ధజాతుల' సిద్ధాంతాన్ని బలంగా నమ్మినవాడు. దక్షిణాది సిపాయిల పోరాటపటిమపై ఆయనకు విశ్వాసం లేదు. పంజాబు, వాయవ్య సరిహద్దు, నేపాల్ ప్రాంతాలవారికి ప్రాధాన్యం పెరిగింది, మద్రాసు పటాలాల సంఖ్య తగ్గింది. తెలుగువారి నియామకం బాగా క్షీణించింది.

ఈ మార్పు చదువుపైనా ప్రభావం చూపింది. సైనికుల పిల్లలకు ప్రభుత్వం నడిపే బడులు నియామకాలు ఎక్కువగా జరిగే ప్రాంతాల్లోనే వెలిశాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కింగ్ జార్జ్ పేరిట ఏర్పడిన సైనిక పాఠశాలల్లో తొలివి పంజాబులోని జీలం, జలంధర్‌లలో ఉన్నాయి. అజ్మీర్ పాఠశాల 1930లో వచ్చింది. దక్షిణాదికి దగ్గరగా బెల్గాంలో 1945లో, బెంగళూరులో 1946లో మాత్రమే ఇటువంటి పాఠశాలలు ఏర్పడ్డాయి. రెండవ ప్రపంచయుద్ధం అవసరాలకు దక్షిణాది నియామకాలు మళ్లీ విస్తరించిన తర్వాతనే ఈ పాఠశాలలు రావడం గమనార్హం. రెండు ప్రపంచయుద్ధాలకూ సైనికులను పంపి 'మిలటరీ మాధవరం'గా పేరుపొందిన పశ్చిమగోదావరి గ్రామంవంటి ఊళ్లు తెలుగునాట ఉన్నా, ఆంధ్రప్రదేశ్‌లో తొలి సైనిక్ స్కూలు విజయనగరం సమీపంలోని కోరుకొండలో 1962 జనవరిలో గాని ప్రారంభం కాలేదు. రాయలసీమలోని కలికిరిలో రెండవది రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

అంటే సైనికవిద్యా సహాయానికి తొలి పరిమితి ధనానికి సంబంధించినది కాదు. ఏ జాతిని సైన్యంలోకి తీసుకోవాలన్న వలసపాలకుల నిర్ణయమే ఎవరి పిల్లలు చదువుకోవాలో కూడా నిర్ణయించింది.

3. 1944: వ్యక్తికి హక్కు, సమూహానికి నిధి

రెండవ ప్రపంచయుద్ధం ముగింపుదశలో అమెరికా 1944 జూన్ 22న సైనికుల పునరావాస చట్టాన్ని తెచ్చింది. 'జి.ఐ. బిల్లు'గా ప్రసిద్ధమైన ఈ చట్టం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికునికి కళాశాల ఫీజునూ జీవనభృతినీ అందించింది. సహాయం సైనికుని పేరునే వచ్చేది. అతడు తనకు నచ్చిన విద్యాసంస్థను ఎంచుకొనేవాడు. లక్షలాది సాధారణ సైనికులు తొలిసారి విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టడానికి ఇది దారితీసింది.

భారతదేశంలో అదే కాలంలో ఏర్పడిన యుద్ధానంతర పునర్నిర్మాణ నిధి స్వభావం వేరు. ప్రభుత్వం సైనికుల తరఫున జమచేసిన సొమ్ము ఆ సైనికుల వ్యక్తిగత ఖాతాల్లోకి వెళ్లలేదు. అది మాజీ సైనికుల ఉమ్మడి సంక్షేమానికి ఉద్దేశించిన నిధిగా రాష్ట్రాలకు చేరింది. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న పాటిస్తున్న సాయుధదళాల పతాకదినోత్సవం ద్వారా సేకరించే విరాళాలకూ ఇదే స్వభావం. నిధిలో ఎంత ఉంటే అంత, నిబంధనలకు ఎవరు సరిపోతే వారికి, అన్న పద్ధతి ఇక్కడ స్థిరపడింది. అమెరికాలో సైనికుని చదువు చట్టబద్ధమైన హక్కుగా రూపుదిద్దుకోగా, ఇక్కడ అది సంక్షేమబోర్డు మంజూరుచేసే సహాయంగా మిగిలింది. ఈ సంప్రదాయంలో స్పష్టంగా వేరుగా నిలిచిన నిర్ణయం 1971 నాటిది.

4. 1971 హామీ

బంగ్లాదేశ్ విమోచనయుద్ధం తెలుగుతీరానికి దూరపు వార్త కాదు. ఆ యుద్ధారంభంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరసమీపంలో మునిగిపోయింది. ఆ విజయానికి గుర్తుగా నిర్మించిన స్మారకం విశాఖ సముద్రతీరంలో నేటికీ ఉంది. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి. ఆ తర్వాత రెండు రోజులకే, డిసెంబరు 18న, సైనికుల పిల్లల విద్యారాయితీ నిర్ణయం లోక్‌సభలో ప్రకటితమైంది. యుద్ధంలో మరణించిన, గల్లంతైన, వికలాంగులైన అధికారుల, జవాన్ల పిల్లలకు బోధనరుసుమును పూర్తిగా తిరిగి చెల్లించడం ఆ నిర్ణయ సారాంశం. 1972లో ఇది అమలులోకి వచ్చింది. తరువాతి కాలంలో సియాచిన్‌లో సాగిన మేఘదూత్ చర్యకూ, శ్రీలంకలో భారత శాంతిసేన చేపట్టిన పవన్ చర్యకూ సంబంధించిన బాధితుల కుటుంబాలకు దీన్ని విస్తరించారు.

ఈ హామీలో మూడు లక్షణాలు ప్రత్యేకంగా కనిపిస్తాయి. మొదటిది, ఇందులో హోదాభేదం లేదు. అధికారి బిడ్డకూ జవాను బిడ్డకూ ఒకే నియమం వర్తిస్తుంది. రెండవది, మార్కుల పోటీ లేదు. విద్యార్థి ప్రతిభ కంటే తండ్రి త్యాగమే అర్హతకు మూలం. మూడవది, రూపాయల్లో పరిమితి లేదు. చదువుకు ఎంత ఖర్చయితే అంత. ఒక పరిమితి మాత్రం మొదటినుంచీ ఉంది. రాయితీ తొలి డిగ్రీ వరకే లభిస్తుంది, స్నాతకోత్తర విద్యకు వర్తించదు. 1970లలో తొలి డిగ్రీయే ఉద్యోగానికి చాలినంత అర్హత కనుక ఈ నియమం అప్పట్లో లోపంగా తోచి ఉండదు.

రూపాయల పరిమితి లేకపోవడానికి కూడా కాలస్వభావమే కారణం కావచ్చు. నాటి ఉన్నతవిద్య అధికభాగం ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలల్లోనే సాగేది. ఫీజులు స్వల్పం. పూర్తి చెల్లింపు అన్న మాట ఖజానాకు భారం అయ్యే అవకాశం కనిపించలేదు. 1980ల తర్వాత ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు విస్తరించాయి. ఆంధ్రప్రదేశ్ ఆ విస్తరణకు ముఖ్యకేంద్రాల్లో ఒకటి. మాట మారలేదు గాని, ఆ మాట నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు పెరిగింది.

5. 2017 పరిమితి: ఒక లెక్క, దాని అర్థం

జస్టిస్ అశోక్‌కుమార్ మాథుర్ అధ్యక్షతన ఏర్పడిన ఏడవ కేంద్ర వేతనసంఘం 2015 నవంబరులో నివేదిక సమర్పించింది. ప్రభుత్వోద్యోగుల వివిధ భత్యాలను హేతుబద్ధం చేయడం ఆ సంఘం చేపట్టిన పనుల్లో ఒకటి. ఆ వరుసలో సైనికుల పిల్లల విద్యారాయితీ కూడా పరిశీలనకు వచ్చింది. బోధనరుసుము, వసతిగృహ ఖర్చు రెండూ కలిపి నెలకు 10,000 రూపాయలకు మించరాదన్న నియమం 2017 జూలై 1 నుంచి వర్తించేలా, అదే ఏడాది సెప్టెంబరు 13న రక్షణశాఖ ఉత్తర్వులు వెలువడ్డాయి. అప్పటికి నిర్మలా సీతారామన్ రక్షణమంత్రిగా బాధ్యతలు చేపట్టి కొద్దిరోజులే అయింది.

ఈ నియమం ఫలితం విద్యార్థి ఎంచుకున్న చదువునుబట్టి మారుతుంది. నెలకు 10,000 అంటే ఏడాదికి 1,20,000 రూపాయలు. కాకుటూరువంటి చోట ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సాధారణ డిగ్రీ చదివే విద్యార్థికి ఈ పరిమితి అడ్డు కాదు, ఖర్చు అంతవరకు చేరదు. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలో చేరి హాస్టల్లో ఉండే విద్యార్థికి మాత్రం ఇది నేరుగా తగులుతుంది. అంటే పరిమితి అందరిపైనా ఒకేలా పడలేదు. వైద్యం, ఇంజనీరింగ్ వంటి చదువుల్లో ఉన్న కొద్దిమందిపైనే దాని భారమంతా పడింది. అప్పటికే కోర్సు మధ్యలో ఉన్నవారి స్థితి మరింత క్లిష్టం. హామీని నమ్మి కళాశాలలో చేరాక నియమం మారింది.

పార్లమెంటులో రక్షణశాఖ సహాయమంత్రి సుభాష్ భామ్రే ఇచ్చిన సమాధానంలో మూడు అంకెలున్నాయి. 2017–18లో ఈ పరిమితి వల్ల ప్రభావితులైన విద్యార్థులు సుమారు 250 మంది. ప్రభుత్వానికి మిగిలే సొమ్ము సుమారు 3.20 కోట్ల రూపాయలు. ఈ పథకం కింద ఒక ఏడాదికి తీసుకున్న అత్యధిక మొత్తం 18.95 లక్షల రూపాయలు.

ఈ మూడు అంకెలను కలిపి చదివితే విషయం స్పష్టపడుతుంది. 3.20 కోట్లను 250 మందికి పంచితే ఒక్కొక్కరికి సగటున 1,28,000 రూపాయల కోత. పరిమితి మేరకు వచ్చే 1,20,000 రూపాయలను దానికి కలిపితే, ప్రభావితుల సగటు వార్షికవ్యయం రెండున్నర లక్షలకు దగ్గరగా ఉండేదని తేలుతుంది. అది ప్రైవేటు వృత్తివిద్యలో ఫీజు, హాస్టలు కలిపితే అసాధారణమైన మొత్తం కాదు. 18.95 లక్షల ఉదాహరణ వీరందరికీ ప్రతినిధి కాదు, ఒక్క అంచున ఉన్న అపవాదం. అపవాదాన్ని అరికట్టాలంటే అందుకు తగిన ఎత్తులో గీత గీయవచ్చు. నెలకు 10,000 వద్ద గీయడంతో సాధారణ వృత్తివిద్యార్థులు దాని పరిధిలోకి వచ్చారు.

ఆ ఏడాది పింఛన్లు కాక రక్షణబడ్జెట్ సుమారు 2.74 లక్షల కోట్లు. అందులో మిగిలిన 3.20 కోట్లు ప్రతి లక్ష రూపాయలకు సుమారు ఒక రూపాయి 17 పైసలు. ఆర్థికంగా ఇంత స్వల్పమైన మిగులు కోసం ఈ నిర్ణయం ఎందుకు జరిగింది? 1971లో పార్లమెంటు వేదికగా ఇచ్చిన హామీని వేతనసంఘం ఒక భత్యంగా చదివింది. భత్యాల పట్టికలో చేరిన ప్రతిదానికీ ఒక గరిష్ఠస్థాయి ఉండటం ఆ పట్టిక స్వభావం. హామీ తన చరిత్రనుంచి విడివడి పట్టికలో ఒక వరుసగా మారడమే అసలు మార్పు. సొమ్ము కోత దాని ఫలితం.

6. 2018 తొలగింపు, మిగిలిన నిబంధన

సైనికవర్గాల్లో వ్యతిరేకత త్వరగానే వ్యక్తమైంది. త్రివిధ దళాధిపతుల కమిటీ అధ్యక్షుడు, నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా 2017 నవంబరులో రక్షణమంత్రికి లేఖ రాసి పరిమితిని తొలగించాలని కోరారు. విషయం పార్లమెంటులోనూ పత్రికల్లోనూ చర్చకు వచ్చింది. 2018 మార్చి మూడవ వారంలో పరిమితి లేకుండా రాయితీ కొనసాగుతుందని రక్షణశాఖ ప్రకటించింది.

ఆ ప్రకటనలోనే మరో వాక్యం కూడా ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలు, సైనిక పాఠశాలలు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల గుర్తింపు పొందిన విద్యాసంస్థలు, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్వయంప్రతిపత్తి సంస్థలు – వీటిలో చదివేవారికే రాయితీ వర్తిస్తుంది. గుర్తింపు లేని సంస్థల చేతికి ప్రజాధనం పోకుండా చూడటం న్యాయమే. అయినా చరిత్ర దృష్టితో చూస్తే రూపాయల గీత స్థానంలో సంస్థ స్వభావపు గీత ప్రధానమైంది. ఈ రెండవ గీతపై చర్చ దాదాపు జరగలేదు.

తెలుగు పాఠకులకు ఈ పరిణామం అపరిచితం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తృతంగా అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా పూర్తి చెల్లింపుగానే మొదలైంది. ఖర్చు పెరిగాక ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఎంసెట్ ర్యాంకు 10,000 లోపు వారికి పూర్తి ఫీజు, మిగిలినవారికి 35,000 రూపాయలు అన్న పద్ధతి వచ్చింది. రెండు పథకాలూ ఒకే దారిలో నడిచాయి: మొదట పరిమితిలేని మాట, తర్వాత ప్రైవేటు విద్య ఖరీదు, ఆపై గీత. భేదం ఒక్కటే. సైనికకుటుంబాల తరఫున మాట్లాడటానికి దళాధిపతుల కమిటీ ఉంది.

7. బతికి తిరిగివచ్చిన సైనికుని బిడ్డ

1971 హామీ పరిధిలోకి వచ్చేవారు సైనికకుటుంబాల్లో కొద్దిమందే. సర్వీసులో ఉన్న సైనికుల, సురక్షితంగా పదవీవిరమణ చేసినవారి పిల్లలే అధికసంఖ్యాకులు. వారి విషయంలో పరిమితులు భిన్నంగా ఉన్నాయి.

సర్వీసులో ఉన్న సైనికునికి, ఇతర కేంద్రప్రభుత్వోద్యోగుల మాదిరిగానే, పిల్లల విద్యాభత్యం లభిస్తుంది. ఏడవ వేతనసంఘం తర్వాత 2023 వరకు ఇది ఒక్కో బిడ్డకు నెలకు 2,250 రూపాయలుగా ఉండేది, సాధారణంగా ఇద్దరు పిల్లల వరకు. కరవుభత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ఇది 25 శాతం పెరుగుతుంది. అయితే ఈ భత్యం పన్నెండవ తరగతితో ముగుస్తుంది. బిడ్డ డిగ్రీలో చేరే ఏడాదే, ఖర్చు పెరిగే సమయానికే, సహాయం ఆగిపోతుంది.

పదవీవిరమణ చేసినవారికి రెండు ముఖ్యమైన మార్గాలున్నాయి. మొదటిది, రక్షామంత్రి పేరిట ఉన్న మాజీ సైనికుల సంక్షేమనిధి. పతాకదినోత్సవ విరాళాలతో నడిచే ఈ నిధి హవల్దారు హోదా వరకు ఉన్న మాజీ సైనికుల పిల్లలకు, ఇద్దరికి మించకుండా, డిగ్రీ వరకు విద్యాసహాయం ఇస్తుంది. నెలకు 1,000 రూపాయలుగా చాలాకాలం కొనసాగిన ఈ సహాయాన్ని 2025లో 2,000కు పెంచారు. రెండవది, 2006–07లో మొదలైన ప్రధానమంత్రి ఉపకారవేతన పథకం. జాతీయ రక్షణనిధి నుంచి నడిచే ఈ పథకంలో దేశమంతటికీ ఏటా 5,500 ఉపకారవేతనాలు, బాలురకు సగం, బాలికలకు సగం. 2019 నుంచి బాలురకు నెలకు 2,500, బాలికలకు 3,000 రూపాయలు. అర్హతపరీక్షలో కనీసం 60 శాతం మార్కులుండాలి. తొలి వృత్తివిద్యా డిగ్రీకే ఇది వర్తిస్తుంది. సాధారణ బి.ఏ. చదివే విద్యార్థికి ఇందులో చోటులేదు.

దరఖాస్తుల పరిశీలన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా జరుగుతుంది. వెంకటాచలం మండలానికి చెందిన మాజీ హవల్దారు తన ధ్రువపత్రాలతో నెల్లూరులోని కార్యాలయానికి వెళ్లవలసిందే. ఆయన బిడ్డ ఇంజనీరింగులో చేరి 60 శాతం దాటి, దేశవ్యాప్తపోటీలో చోటు సంపాదిస్తే ఏడాదికి 30,000 లేదా 36,000 రూపాయలు వస్తాయి. అదే బిడ్డ కాకుటూరులో తెలుగు ఎం.ఏ. చదవదలిస్తే ఈ పథకం తలుపు తెరుచుకోదు. రాష్ట్రస్థాయిలో వృత్తివిద్యా ప్రవేశాల్లో సాయుధదళాల సిబ్బంది పిల్లలకు 2 శాతం సీట్లు కేటాయించడం మేలైన సదుపాయమే. సీటు దొరికిన తర్వాత ఫీజు సంగతి మాత్రం అది తేల్చదు.

పై పథకాలను 1971 హామీతో పోల్చినప్పుడు ఒక సూత్రం కనిపిస్తుంది. మరణం, వైకల్యం సంభవించినచోట రాజ్యం ఖర్చు మొత్తాన్ని భరిస్తుంది. సేవ మాత్రమే ఉన్నచోట మార్కులు, హోదా, కోర్సు, పిల్లల సంఖ్య అనే నాలుగు జల్లెడలను నిలుపుతుంది.

8. సైనికుని సొంత డిగ్రీ

ఇంతవరకు చూసినది పిల్లల చదువు. సైనికుడే డిగ్రీ చదవదలిస్తే పరిస్థితి ఏమిటి? ఇక్కడ హోదాభేదం స్పష్టంగా కనిపిస్తుంది.

అధికారులకు ఉన్నతవిద్య శిక్షణలో భాగమే. సికింద్రాబాద్‌లోని రక్షణ యాజమాన్య కళాశాల 1970లో సంస్థగా మొదలైంది. అక్కడి ఉన్నతస్థాయి కోర్సుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం యాజమాన్యశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా ఇస్తుంది. సికింద్రాబాద్‌లోనే ఉన్న సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కళాశాల పట్టాలకు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గుర్తింపు ఉంది. ఈ చదువులకు ఎంపికైన అధికారికి చదువే విధి, జీతం యథాతథం.

జవానుకు దారి వేరు. సాధారణంగా పదవ తరగతి లేదా ఇంటర్మీడియట్ తర్వాత సైన్యంలో చేరే యువకుడు డిగ్రీ చదవాలంటే దూరవిద్యే దిక్కు. ఈ విషయంలో తెలుగునేలకు ఒక ప్రత్యేకత ఉంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. మూడేళ్ల తర్వాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. బదిలీల మధ్య, సరిహద్దు విధుల మధ్య చదవవలసిన జవానుకు ఇవి నిజమైన అవకాశమిచ్చాయి.

ప్రభుత్వం జవాను చదువును ఫీజు చెల్లించి కాక, సర్వీసును గుర్తించి ప్రోత్సహించింది. 1986 ఫిబ్రవరి 12 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం మెట్రిక్యులేషన్ లేదా సైన్యం ఇచ్చే సమాన ధ్రువపత్రం ఉండి, పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేసిన మాజీ సైనికుడు డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్–సి ఉద్యోగాలకు అర్హుడు. ఇది ఉద్యోగార్హతే గాని విద్యార్హత కాదు. దీన్ని చూపి స్నాతకోత్తర కోర్సులో చేరలేడు. 2009లో సైన్యమూ ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయమూ కలిసి చేపట్టిన 'జ్ఞానదీప్' సైనికశిక్షణను విశ్వవిద్యాలయ అర్హతగా మార్చే ప్రయత్నం చేసింది. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకంతోపాటు ప్రకటించిన మూడేళ్ల డిగ్రీ ఆ ఆలోచనకే విస్తరణ. అందులో 50 శాతం క్రెడిట్లు సర్వీసులో పొందిన నైపుణ్యశిక్షణకే లభిస్తాయి.

అమెరికా పద్ధతితో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. అక్కడ సర్వీసులో ఉన్న సైనికుని ఫీజుకు రక్షణశాఖ నేరుగా సహాయం చేస్తుంది. దానికీ పరిమితి ఉంది: ఒక్కో క్రెడిట్ గంటకు 250 డాలర్లు, ఏడాదికి 4,500 డాలర్లు. 2013 మార్చిలో బడ్జెట్ కోతల కారణంగా సైన్యం, వైమానికదళం, మెరైన్ దళం ఈ సహాయాన్ని నిలిపివేశాయి. అదే నెలలో కాంగ్రెస్ జోక్యం చేసుకోవడంతో పునరుద్ధరణ జరిగింది. అక్కడి వివాదం 2017–18 నాటి మన వివాదాన్నే పోలి ఉంది. స్వల్పమైన పొదుపు, త్వరితమైన నిరసన, వెనుకంజ. కానీ అక్కడ నిరసన సైనికుని సొంత చదువు గురించి. ఇక్కడ అమరుని బిడ్డ చదువు గురించి. భారతీయ జవాను సొంత ఫీజుకు ఆ స్థాయి పథకమే లేదు గనుక, తగ్గించడానికీ నిరసించడానికీ ఏమీ లేదు.

అగ్నివీరుని స్థితి ఈ చరిత్రలో కొత్త ఘట్టం. నాలుగేళ్ల తర్వాత 25 శాతం మందిని మాత్రమే సైన్యం కొనసాగిస్తుంది. మిగిలినవారు సుమారు 11.71 లక్షల సేవానిధితో బయటికి వస్తారు. వారికి పింఛను గాని మాజీ సైనికుని హోదా గాని ఉండవు. 1986 ఉత్తర్వు కోరే పదిహేనేళ్లు వారికి అందవు. ఆ హోదాపై ఆధారపడ్డ ఉపకారవేతనాలు రేపు వారి పిల్లలకు వర్తించవు. సగం క్రెడిట్ల డిగ్రీ, సేవానిధి – ఈ రెండే వారి విద్యాబలం. మిగిలిన సగం చదువుకు అయ్యే ఖర్చు, కాలం వారివే.

9. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. సైనికవిద్యా సహాయంపై తొలి పరిమితి నియామకవిధానం రూపంలో వచ్చింది. 'తిలంగా' పేరును దేశానికిచ్చిన తెలుగువారు ఆ కారణంగానే సైనిక పాఠశాలలకు చాలాకాలం దూరమయ్యారు.

2. 1971 నిర్ణయం హోదా, మార్కులు, మొత్తం అనే మూడు జల్లెడలనూ పక్కనపెట్టిన హామీ. 2017లో దాన్ని భత్యంగా పరిగణించడంవల్లే పరిమితి సాధ్యమైంది.

3. ఆ పరిమితివల్ల మిగిలినది 3.20 కోట్లే. అపవాదరూపమైన గరిష్ఠ మొత్తాన్ని కాక, సాధారణ వృత్తివిద్యావ్యయాన్నే అది తాకింది.

4. నిరసనకు లొంగినది రూపాయల్లో రాసిన పరిమితి. తొలి డిగ్రీ, వృత్తివిద్య, 60 శాతం మార్కులు, హవల్దారు హోదా, పదిహేనేళ్ల సర్వీసు, మాజీ సైనికుని నిర్వచనం అనే పరిమితులు చర్చకు రాకుండానే నిలిచి ఉన్నాయి.

5. వీటన్నిటిలో నేడు అత్యధికులను ప్రభావితం చేయగలిగినది చివరిది. 2022 చివర సైన్యంలో చేరిన తొలి అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివర ముగుస్తాయి. వారు ఊళ్లకు తిరిగివచ్చి విశ్వవిద్యాలయాల్లో దరఖాస్తు చేసుకొనే నాటికి వారిని ఏ వర్గంగా చూడాలన్నది తేలవలసి ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు వారి సైనికశిక్షణా క్రెడిట్లను ఎంతవరకు అంగీకరిస్తాయి, సాయుధదళాల కోటా వారి పిల్లలకు వర్తిస్తుందా, ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో సేవానిధిని ఆదాయంగా లెక్కిస్తారా అన్న ప్రశ్నలు పాలనాపరమైనవిగా కనిపించినా, వాటి సమాధానాలే ఈ చరిత్రలో తరువాతి పరిమితులు కాగలవు. ప్రవేశిక‌లో ఊహించిన ముగ్గురు విద్యార్థుల్లో మూడవవాని తరఫున లేఖ రాయవలసిన వారెవరన్నది ఇంకా నిర్ణయం కాలేదు.